పలకరింపు గ్లాసు

స్ట్రెచర్ పైకి ఎక్కడానికీ ఐసు పెట్టె కిందికి దిగడానికీ ఆ ఇరుకు మెట్లు ఒకేసారి చాల్లేదు. ఐసక్క గోడకి అతుక్కుపోయి దారిచ్చింది. స్ట్రెచర్ మీదున్న మనిషిని చూడగానే చేతిలోని పెట్టె రెట్టింపు బరువెక్కినట్టనిపించింది. నాలుక సార్. ఒక్క గుక్కతో సీసా వయసు చెప్పేసే ఆ నోరు సగం తెరుచుకుని, పక్కకి వాలిపోయి ఉంది.

మిగిలిన ఆరు మెట్లూ ఆమె రెండంగల్లో దిగింది.

నేలమాళిగ బార్‌లో పన్నెండు స్టూళ్ళూ ఖాళీగా ఉన్నాయి. ఒకటి కింద పడి ఉంది. కౌంటరు వెనక ఆమె తమ్ముడు రెండు అరచేతులూ చెక్క మీద ఆనించి, కదిలితే ఏమంటారో అన్నట్టు నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఇన్‌స్పెక్టర్.

"గ్లాసు ఎవరిచ్చారు?" అడుగుతున్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ గొంతులోని విసుగు చూస్తే, అడగడం అది మూడోసారని తెలుస్తోంది.

"నేనే ఇచ్చాను సార్."

"ఏం కలిపావు అందులో?"

తమ్ముడు తల వంచుకున్నాడు.

ఐసక్కకి గుండె జారిపోలేదు. జారాల్సిన టైము కాదది. పెట్టె కింద పెట్టి, కొంగు దోపుకుని, ముందు కౌంటరు మీది గ్లాసు వైపు చూసింది. ఇరవయ్యేళ్ళుగా ఈ వీధిలో ఐసు వేస్తున్న మనిషి ఆమె. మనుషుల మొహాలకన్నా ముందు గ్లాసుల్లోకి చూడటం అలవాటైపోయింది.

అది పొట్టి గ్లాసు. అడుగున వేలెడు ఎర్రటి మందు. అందులో నిమ్మకాయంత ఐసు గడ్డ, తెల్లగా, మసకగా.

ఆ ఒక్క చూపుతో ఆమెకి సంగతి తెలిసిపోయింది.

"సార్," అంది, "అది వీడు కలిపిన గ్లాసు కాదు."

ఇన్‌స్పెక్టర్ వెనక్కి తిరిగి చూసి, నువ్వెవరన్నాడు. చెప్పింది. వీధి మొదట్లో ఐసు షెడ్డు తనదని, ఈ వీధిలో పద్నాలుగు బార్లుంటే పద్నాలుగింటికీ ఐసు తనే కోసి పంపిస్తానని, ఏ బార్‌కి ఆ బార్ కొలత ఉంటుందని చెప్పింది. డాబా మీది బార్‌కి పిడికిలంత చదరపు గడ్డలు, గాలికి త్వరగా కరక్కుండా. పాటల బార్‌కి ఇసకలా నూరిన ఐసు. స్టూళ్ళే లేని నిలబడే బార్‌కి గుండ్రటి ఉండలు. మ్యాచ్‌లు చూసే బార్‌కి బస్తాల్లో చిల్లర ముక్కలు, అక్కడ గ్లాసుకేసి చూసే నాథుడే ఉండడు కాబట్టి. ఈ నేలమాళిగలో మాత్రం అన్నీ పొడుగు గ్లాసులు. వాటిలో దిగడానికి జానెడు కడ్డీలు కోస్తుంది. ఏ కొలతకి కోసినా గ్లాసులో పడే ఐసు అద్దంలా ఉండాలి. పేపరు మీద పెడితే అక్షరాలు చదువుకోవచ్చు. తెల్లగా ఉన్నది తను అమ్మదు.

"ఐసు గడ్డకి కూడా ఊరూ పేరూ ఉంటాయా అమ్మా?"

"ఉంటాయి సార్. నేను పెట్టినవే."

ఇన్‌స్పెక్టర్ పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. ఆ గ్లాసుని వెంటనే ఫ్రీజర్‌లో పెట్టమంది ఐసక్క. ఈ ఉక్కలో అది అరగంటకి మించి ఆగదు, ఆ తర్వాత సాక్ష్యమంతా మామూలు నీళ్ళేనంది. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు. ల్యాబ్ వాళ్ళొచ్చేదాకా దాన్ని గాలి తప్ప ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. అరగంటలో వ్యాన్ వస్తుంది, వ్యాన్‌లో ఈ కుర్రాడు స్టేషన్‌కి వస్తాడు, మిగతా సంగతులు అక్కడ మాట్లాడుకుందాం అన్నాడు. అన్న తీరులో కోపం లేదు. అదే ఎక్కువ భయం.

ఆ రోజు వీధి కప్పు రోజు. ఏడాదికోసారి పద్నాలుగు బార్లలో నలుగురు చివరి పోటీకి మిగులుతారు. నాలుక సార్ సాయంత్రం జనం రాకముందే ఆ నలుగురి బార్లకీ వరసగా వెళ్ళి ఒక్కో గ్లాసు రుచి చూస్తాడు. రాత్రి ఎనిమిదింటికి డాబా మీద నలుగురూ అందరి ముందూ కలపాలి. గెలిచినవాడి పేరు వీధి మొదట్లోని ఇత్తడి పలక మీదికి ఎక్కుతుంది. నాలుక సార్ చివరగా వచ్చింది ఇక్కడికే. వచ్చిన అరగంటకి స్టూలు మీంచి పడిపోయాడు. టైము ఇప్పుడు ఆరున్నర.

"ఒరేయ్," అంది ఐసక్క తమ్ముడితో, ఇన్‌స్పెక్టర్ వినేలాగే. "అది పలకరింపు గ్లాసే కదా?"

తమ్ముడు అవునన్నట్టు తలూపాడు.

పలకరింపు అంటే ఏమిటో ఇన్‌స్పెక్టర్‌కి ఆమే వివరించింది. ఈ వీధిలో ఒక బార్‌లో కలిపేవాడు ఇంకో బార్‌లో కలిపేవాడికి గ్లాసు పంపించి పలకరిస్తాడు. గ్లాసు మూతికి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసి, అటువైపు వెళ్ళే ఏ గిరాకీ చేతికో ఇస్తాడు. తెచ్చినవాడు ఎవరు పంపారో చెప్పకుండా కౌంటరు మీద పెట్టి పోవాలి. అందుకున్నవాడు రుచి చూసి, పంపినవాడి పేరు పైకి చెప్పాలి. తప్పు చెబితే బార్‌లో ఉన్నవాళ్ళంతా నవ్వుతారు, అతను తిరిగి ఒక గ్లాసు పంపుకోవాలి. ముప్పయ్యేళ్ళుగా జరుగుతున్న ఆట.

"అయితే ఇది ఎవరు పంపారు?"

"స్టోరులో ఉన్నాను సార్. వచ్చేసరికి కౌంటరు మీదుంది," అన్నాడు తమ్ముడు. "ఎవరు పంపారో తెలీదు."

అంటూ మెడ వెనక గోక్కున్నాడు. ఐసక్క అది చూసింది. ఐదేళ్ళప్పుడు బెల్లం డబ్బా పగలగొట్టి పిల్లి మీదికి నెట్టినప్పుడు కూడా వాడు అక్కడే గోక్కున్నాడు. వీడికి తెలుసు. తెలిసి నోరు కుట్టేసుకున్నాడు.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. అంబులెన్సులోని డాక్టరు. విని పెట్టేసి, నిద్రమాత్రలట అన్నాడు. నాలుగైదు పొడి చేసి కలిపినట్టున్నారు. ప్రాణం పోదంటున్నారు కానీ ఇవాళ లేవడట.

నిద్రమాత్రలన్న మాట విని ఐసక్క ఆశ్చర్యపోలేదు. పగలు పడుకోవాల్సిన ఉద్యోగాలు ఇవి. ఈ వీధిలో ఎవరి సొరుగు లాగినా ఒక షీటు దొరుకుతుంది. ఆమెను ఆపింది వేరే సంగతి. పలకరింపు ఎవరి పేరున వచ్చింది? తమ్ముడి పేరున. ఎనిమిదింటికి డాబా మీద చేతులు వణక్కుండా కలపాల్సింది ఎవరు? తమ్ముడు. నిద్రపుచ్చాలనుకున్నది నాలుక సార్‌ని కాదు. ఆయన అడ్డంపడ్డాడంతే.

తమ్ముడు కాక పోటీలో ఉన్నది ముగ్గురు. ముగ్గురి గడపలూ ఆమెకి తెలుసు. అరగంట చాలు.

*

డాబా బార్ ఆరో అంతస్తులో. లిఫ్టు తలుపు తెరుచుకోగానే గాలి, దాంతోపాటు టై బాబు. ఎండాకాలంలో కూడా టై విప్పని మనిషి. పెళ్ళికి వచ్చినవాడిలా ఉంటాడు, ఎవరి పెళ్ళో ఎవరికీ తెలీదు. పోటీకోసం పొడుగు బల్ల వేయించి, దాని మీద తెల్లగుడ్డ అంగుళం అంగుళం సర్దుతున్నాడు. నగరమంతా కింద దీపాలు పెట్టుకుంటోంది.

"మేడమ్, మీ తమ్ముడు వస్తున్నాడా, రావట్లేదా? బల్ల మీద నాలుగు చోట్లు వెయ్యాలా, మూడా?"

"నాలుగే వెయ్యి బాబూ. కొలత తగ్గించకు."

మాట్లాడుతూనే ఆమె కళ్ళు మూలనున్న సీసాల తొట్టి మీద పడ్డాయి. నడుము లోతు తొట్టి, అందులో బీరు సీసాలు, వాటి మధ్య తెల్లటి ఐసు పలకలు. చూడగానే తన ఊహ ఒకటి కూలిపోయింది. తెల్ల గడ్డ ఎవరో ఇంట్లో ఫ్రిజ్‌లో చేసి తెచ్చారనుకుంటూ వచ్చింది. ఇంట్లో చేయనక్కర్లేదు. తను గడ్డలు కోసినప్పుడు మీద మిగిలే తెల్లటి చెక్కు అమ్మకానికి పనికిరాదు. సీసాలు చల్లబడటానికి దాన్ని తనే అందరికీ ఊరికే ఇస్తుంది. ఆ చెక్కులోంచి ఓ ముక్క విరిచి గ్లాసులో వేశారు. తమ బార్ ఐసు వేస్తే ఈ వీధిలో ఎవరైనా ఇట్టే పట్టేస్తారు కాబట్టి, ఎవరిదీ కాని ఐసు వేశారు. తెలివైన చెయ్యే. కానీ ఇలాంటి తొట్టి పద్నాలుగు బార్లలోనూ ఉంది.

తిన్నగా అడిగేసింది. ఇవాళ మా వాడికి పలకరింపు పంపావా?

టై బాబు బల్లగుడ్డ మీద లేని ముడత ఒకటి సాఫు చేశాడు. నాలుక సార్ ఇక్కడికి ఐదింటికి వచ్చాడని, రుచి చూసి ఏమీ అనకుండా వెళ్ళాడని, అప్పట్నుంచీ తను బల్ల దగ్గర్నుంచి కదల్లేదని, కావాలంటే వడ్డించేవాళ్ళు నలుగుర్నీ అడగమని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ తమ్ముడికి పలకరింపు పంపడం మానేసి నాకు ఆర్నెల్లైంది. ఎందుకో నా నోటితో చెప్పను. పాటల బార్‌లో అడగండి. అతన్ని ఓడించాలని నాకుంది మేడమ్, నిజమే. కానీ పడుకోబెట్టి ఓడిస్తే ఆ పలక మీద నా పేరు నేనే చదువుకోలేను."

పొగరు మనిషి. అబద్ధం మాత్రం చెప్పట్లేదు. అది ఆమెకి నచ్చలేదు కూడా. వాడైతే బావుండునని లోపల ఎక్కడో అనుకుంటూ వచ్చింది మరి.

*

పాటల బార్ తలుపు తీస్తే ముందు చెవులు లోపలికెళ్తాయి, తర్వాతే మనిషి. ఏడైనా కాకుండానే ఇద్దరు ఆఫీసు ఉద్యోగులు టైలు నెత్తికి కట్టుకుని ఒకే మైకులో రెండు వేర్వేరు పాటలు పాడుతున్నారు. కౌంటరు వెనక మైకు వదిన ఎడం చేత్తో నిమ్మకాయ పిండుతూ, కుడి చేత్తో సౌండు తగ్గిస్తూ, కంటితో వాళ్ళని పొగుడుతోంది. వీధిలో అందరికీ ఆమె వదినే. ఐసక్కకి కూడా. ఆమె మాత్రం తిరిగి ఐసక్కని వదినా అనే పిలుస్తుంది.

"విన్నాను వదినా. ఇటు రా," అని కౌంటరు లోపలికి లాగింది. "వాడే కలిపాడంటే నా మైకు తీసి సముద్రంలో పారేస్తాను."

టై బాబు అన్న మాట ఐసక్క చెప్పింది. మైకు వదిన నిమ్మతొక్కలు పక్కకి నెట్టింది. తర్వాత, మీ తమ్ముడు నాతో ఒట్టు వేయించుకున్నాడు, ఇవాళ ఆ ఒట్టు గట్టున పెడుతున్నాను అంటూ మొదలెట్టింది.

తమ్ముడు మందు ముట్టి ఆర్నెల్లైందట. కాలేయం బాగాలేదని, చుక్క కూడా వద్దని డాక్టరు చెప్పాడట. ఎవరికీ చెప్పలేదు. వంట చేసేవాడు రుచి చూడనంటే ఆ హోటల్‌కి ఎవరెళ్తారు? అందుకని కేవలం వాసన చూసి కలపడం నేర్చుకున్నాడు. పలకరింపులు వస్తే పెదాలకి ఆనించినట్టు నటించి, వాసనతోనే పేరు చెప్పేసి, ఎవరూ చూడనప్పుడు పారబోసేవాడు.

"నాకెలా తెలిసిందంటావా? మేం పంపినవన్నీ ఆ మెట్ల పక్కన కుండీలో పోసేవాడు. నాలుగు నెలలకి మొక్క తూలిపోయి చచ్చింది. దాని మీద నా పుదీనా వాసన. అక్కడికక్కడే పట్టుకున్నాను. టై బాబుకీ అలాగే ఎక్కడో దొరికిపోయాడు. నీకు తెలిస్తే బెంగెట్టుకుంటావని చెప్పొద్దన్నాడు."

ఐసక్క నవ్వబోయి ఆగిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ పడుకునే తమ్ముడు. ఆర్నెల్లు. ఆ బాధని కొంగున ముడేసి తర్వాతకి దాచుకుంది. ఇప్పుడు కావల్సింది అందులోని లెక్క.

తాగడని తెలిసినవాళ్ళు తాగించి పడుకోబెట్టాలని చూడరు. టై బాబుకి తెలుసు. మైకు వదినకి తెలుసు. అంటే పంపినది, వాడు ఇంకా తాగుతున్నాడనుకునే మనిషి.

"నిలబడే బార్ పెద్దాయనకి తెలుసా?" అంది.

మైకు వదిన పిండుతున్న నిమ్మకాయ ఆగిపోయింది. "ఆయనకెలా చెప్తాడు వదినా? రుచి చూడని చెయ్యి కలపకూడదని వాడికి నేర్పిందే ఆయన."

*

నిలబడే బార్‌కి తలుపు లేదు. వీధిలోకే తెరిచి ఉన్న సన్నటి గది, ఒక్క రాతి కౌంటరు, ఎనిమిది మంది పక్కపక్కన నిలబడితే నిండిపోతుంది. నిలబడి తాగినవాడు నిలబడగలిగినంతే తాగుతాడు అనేవాడు పెద్దాయన. పన్నెండేళ్ళ కిందట, ఏ పనీ కుదురుగా చెయ్యని పంతొమ్మిదేళ్ళ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ రాతి ముందే నిలబెట్టింది ఐసక్క. వీణ్ణి మనిషిని చెయ్యండి అంది. చేశాడు. ఏడేళ్ళు గ్లాసులు తుడిపించి, ఆ తర్వాతే సీసా చేతికిచ్చాడు. వీధి మొదట్లోని ఇత్తడి పలక మీద పదకొండు సార్లు పెద్దాయన పేరే ఉంది. కిందటేడు ఎవరూ గెలవలేదని నాలుక సార్ తేల్చేశాడు. ఆ చోటు ఖాళీగా మెరుస్తూ ఉంటుంది. ఈసారి అక్కడ శిష్యుడి పేరే పడుతుందని వీధంతా అనుకుంటోంది.

ఆమె వెళ్ళేసరికి ఆయన గ్లాసులు తుడుస్తున్నాడు. పక్కన గిన్నెలో నీళ్ళు, అందులో తేలుతున్న నిమ్మతొక్కలు. గుడ్డ అందులో ముంచి, పిండి, గ్లాసు లోపలా బయటా తుడిచి, దీపానికెత్తి చూస్తాడు. డెబ్బయ్యేళ్ళు నిండాయి. గ్లాసు దీపానికెత్తినప్పుడు చెయ్యి సన్నగా వణికింది. ఆమె చూసిందని తెలిసి, గుడ్డతో కప్పేశాడు.

"వాడెలా ఉన్నాడమ్మాయ్?"

"వాడికేం, నిలబడే ఉన్నాడు. పడిపోయింది నాలుక సార్."

"అవునవును. సార్ ఎలా ఉన్నాడు?" అన్నాడు పెద్దాయన, గ్లాసు కింద పెడుతూ.

బతుకుతాడట అని చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. ఆమెకి మంచినీళ్ళిచ్చాడు. కాళ్ళ దగ్గర సీసాల తొట్టిలో ఐసు చెక్కు కరుగుతూ ఉంది. మధ్యాహ్నం నాలుగింటికి ఈయనే షెడ్డుకి నడిచొచ్చి, పనికిరాని ముక్క ఏదన్నా ఉంటే ఇవ్వమ్మాయ్ అంటే, తనే సంచిలో వేసిచ్చింది దాన్ని. ఎప్పుడూ మనిషిని పంపేవాడు, ఇవాళ తనే వచ్చాడేమిటా అనుకుంది కూడా. అయినా అన్ని తొట్టెల్లోనూ చెక్కులున్నాయి. తొట్టిలో చెక్కు ఉన్నంత మాత్రాన మనిషి దొంగైపోడు. ఇంత మనిషి అసలే కాడు. ఆమె మనసు ఆ వైపుకి వెళ్ళనని మొరాయించింది.

"మావాడికి పలకరింపులు పంపుతుంటారా ఇంకా?"

"వారం వారం. వాడు నా చెయ్యి ఏనాడూ తప్పు చెప్పలేదు. మిగతావాళ్ళ గ్లాసులు సగం వదిలేస్తాడేమో కానీ, నాది ఆఖరి చుక్క దాకా తాగుతాడు." ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో గర్వం లాంటిదే వచ్చింది, వచ్చినంత త్వరగా పోయింది.

అంటే ఈయనకి తెలీదు. ముగ్గురిలో తెలియనిది ఈయనొక్కడికే.

ఇవాళ పంపారా అని మాత్రం ఆమె అడగలేకపోయింది. నీళ్ళు తాగి గ్లాసు పెట్టేసింది. అప్పుడు వీధి చివర పోలీసు వ్యాన్ దీపాలు తిరుగుతూ కనిపించాయి.

*

నేలమాళిగలో కౌంటరు మీది గ్లాసులో ఇప్పుడు ఎర్రటి నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఇన్‌స్పెక్టర్ గ్లాసు వైపు చూపించి, నీ సాక్షి కరిగిపోయాడమ్మా అన్నాడు. తమ్ముడు షర్టు చేతులు దించుకుని బొత్తాలు పెట్టుకుంటున్నాడు, బయల్దేరే మనిషిలాగా.

"ఫోటోలు తీశారు కదా సార్, రాగానే. గ్లాసుది ఉందా?"

ఉందన్నాడు. చూపించమంది. ఆయన కాస్త ఆలోచించి, పోయేదేముందన్నట్టు ఫోన్ తిప్పి పట్టుకున్నాడు. ఐసక్క రెండు వేళ్ళతో ఐసు గడ్డని పెద్దది చేసింది.

దూరం నుంచి చూసినప్పుడు మసకగా తెల్లగా ఉందనే అనుకుంది. దగ్గరగా చూస్తే గడ్డంతా తెలుపు కాదు. దాని మధ్యలోంచి రెండు తెల్లటి చారలు సమానంగా పోతున్నాయి. రెంటి మధ్యా అద్దం లాంటి సందు, వేలి గోరంత.

ఐసక్క ఫోన్ తిరిగిచ్చేసింది. కింద పడి ఉన్న స్టూలు ఎత్తి నిలబెట్టింది. ఆ తర్వాత ఆమె గొంతు ఎప్పటిలాగే వచ్చింది.

"సార్, మా షెడ్డులో మూడు తొట్టెలున్నాయి. నీళ్ళు కింద నుంచి గడ్డకడుతుంటే పైన మోటారు తిప్పుతూ ఉంటుంది. తిరిగినంతసేపూ ఐసు అద్దంలా వస్తుంది. ఆగితే గాలి చిక్కుకుని తెల్ల పొర పడుతుంది. నిన్న రాత్రి మూడో తొట్టి మోటారు రెండుసార్లు ఆగింది. నేనే లేచి రెండుసార్లు తన్ని నడిపించాను. అందుకని ఆ ఒక్క గడ్డలో రెండు పొరలు పడ్డాయి. ఇరవయ్యేళ్ళలో జంట చార ఎప్పుడూ రాలేదు. పొద్దున్న ఆ ముక్క మొత్తం కోసి పక్కన పెట్టాను. అది వెళ్ళింది ఒక్కళ్ళ దగ్గరికే. నా చేత్తో నేనే ఇచ్చాను. మిగిలిన ముక్క ఇంకా వాళ్ళ తొట్టిలో ఉంది, ఇప్పుడే చూసొచ్చాను. దాన్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టించండి."

ఇన్‌స్పెక్టర్ ఈసారి ఊరూ పేరూ అని హాస్యమాడలేదు. ఎవరి తొట్టి అని అడిగాడు.

ఆమె చెప్పలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వు తాగట్లేదట కదరా."

తమ్ముడి చెయ్యి మెడ వెనక్కి వెళ్ళబోయి మధ్యలోనే ఆగింది. అక్క కళ్ళలోకి చూశాడు. చూసి, కౌంటరు మీద మోచేతులు ఆన్చాడు.

"స్టోరులోంచి వచ్చేసరికి గ్లాసుంది," అన్నాడు మెల్లగా. "కాగితం తీసి వాసన చూశాను. ఐసు వేరేగా ఉంది, మందు వేరేగా ఉంది. కానీ గ్లాసు వాసన మాత్రం నాకు తెలుసక్కా. నిమ్మనీళ్ళ గుడ్డ. ఏడేళ్ళు ఆ గుడ్డతో తుడిచినవాణ్ణి. ఆ వాసన ఆయనకి తెలీదు, రోజూ అందులోనే ఉంటాడు కాబట్టి. మిగతావాళ్ళవైతే కుండీలో పోసేవాణ్ణి. అది పొయ్యడానికి చెయ్యి రాలేదు. ఎదురుగా నాలుక సార్ కూర్చునున్నాడు. ఆయన చేతి గ్లాసు తాగే అర్హత ఈ ఊళ్ళో ఎవరికన్నా ఉంటే సార్‌కే ఉందనిపించింది. నేనే ఇచ్చాను."

అందుకే నేనే ఇచ్చానని మూడుసార్లు చెప్పాడు. అది అబద్ధం కాదు. దాని వెనకున్నది చెప్పకుండా స్టేషన్‌కి వెళ్ళిపోవడానికి బొత్తాలు కూడా పెట్టేసుకున్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ ఆగి, గోడ పట్టుకుని దిగుతున్న అడుగులు. పెద్దాయన. భుజం మీద తడిగుడ్డ అలాగే ఉంది. ఆఖరి మెట్టు మీద ఆగాడు. ముందు శిష్యుణ్ణి చూశాడు, తర్వాత కౌంటరు మీద ఐసు కరిగిపోయిన గ్లాసుని, దాని వెనక వరసగా ఉన్న శుభ్రమైన పొడుగు గ్లాసుల్ని. కుడి చెయ్యి వణుకుతోంది. ఈసారి కప్పుకోలేదు.

"వ్యాన్ వచ్చిందని చెప్పారు," అన్నాడు. "వీణ్ణి తీసుకెళ్తున్నారని."

ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు, ఆయన్నుంచి ఐసక్క వైపు చూశాడు. ఐసక్క తమ్ముణ్ణే చూస్తోంది. ఒక్క మాటతో తనే తేల్చెయ్యొచ్చు. ఆ రాతి కౌంటరు ముందు వాణ్ణి నిలబెట్టింది తనే. కానీ ఈ మాట వాడి నోటి నుంచి రాకపోతే, ఇవాళ వ్యాన్ ఎక్కకపోయినా వాడు ఎప్పటికీ ఆ మెట్ల కిందే ఉండిపోతాడు.

"పలకరింపు రూలేంట్రా?" అంది.

తమ్ముడు గ్లాసు వైపు చూశాడు.

"అందుకున్నవాడు..." ఆగాడు. "అందుకున్నవాడు పంపినవాడి పేరు పైకి చెప్పాలి."

"నువ్వు ఎన్నిసార్లు తప్పు చెప్పావు?"

"ఒక్కసారీ లేదు."

"ఇప్పుడూ చెప్పు."

తమ్ముడు గ్లాసు చేతిలోకి తీసుకోబోయాడు. ఇన్‌స్పెక్టర్ ఆపబోయి ఊరుకున్నాడు. చెయ్యి గ్లాసుకి జానెడు దూరంలో ఆగిపోయింది. వాసన చూడాల్సిన పని లేదు వాడికి. తలెత్తి, ఆఖరి మెట్టు మీద నిలబడ్డ మనిషి కళ్ళలోకి తిన్నగా చూశాడు. ఆ మనిషి, ప్రతి వారం గ్లాసు పంపి జవాబు కోసం ఎదురుచూసే అలవాటు కొద్దీ కాబోలు, తల కొంచెం పక్కకి వంచి వింటున్నాడు.

"పెద్దాయన," అన్నాడు తమ్ముడు, మెట్ల పైన వీధిలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా. "ఇది మా పెద్దాయన పంపింది."